పోపుల డబ్బాలో నట్టు

జగ్గారావు కారు ఇంజిన్లోని సామాను ఒకటి అతని పెళ్ళాం మీనాకుమారి చేపల పులుసులో వేసి ఉడకబెట్టేసిందనీ, అది తిన్న దగ్గర్నుంచి జగ్గారావు నడుస్తుంటే పొట్టలో గలగలమని చప్పుడవుతోందనీ ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అనే మన రైల్వే కాలనీలో ఇల్లిల్లూ చెప్పుకుంటున్నారు. గోల్‌బజారులో చేపలమ్మే బెంగాలీ దాదా అయితే ఇంకో అడుగు ముందుకేసి, "ఏ చేపలో వేసేవు దీదీ, రుయిలోనా, కత్లాలోనా?" అని అందరి ముందూ అడిగేశాడు.

ఇది శుద్ధ అబద్ధం. పులుసులో కాదు, పోపుల డబ్బాలో. అది ఉడకనూ లేదు. మెంతుల గిన్నెలో పొడిపొడిగా, శుభ్రంగా ఉంది. ఉడికినవి వేరే ఉన్నాయి, అవి ఇడ్లీ పాత్రలో ఉడికాయి, ఉడకబెట్టింది మీనాకుమారి కాదు. రెండూ కలిపేసి పులుసు కాచింది మన ట్రాఫిక్ జనమే. అంచేత జరిగింది జరిగినట్టు చెప్పుకుంటే ఆ ఇల్లాలికి కాస్త పరువు మిగులుతుంది.

జగ్గారావు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. వాళ్ళ తాత టెక్కలి పక్క పల్లె నుంచి వచ్చి ఆ షాపులోనే చేరాడు, తండ్రీ అందులోనే రిటైరయ్యాడు, ఇతనూ అందులోనే తల నెరిపించుకున్నాడు. మంచం కిర్రుమంటే పడుకున్నవాళ్ళని లేపి మరీ బిగించే రకం. మనిషిలో వంక పెట్టడానికి ఒక్కటే ఉంది. అడిగినదానికి తప్ప మిగతా అన్నిటికీ జవాబు చెబుతాడు.

"పప్పులో ఉప్పు సరిపోయిందా?" అని మీనాకుమారి అడుగుతుంది.

"గ్యాసు సిలిండరుకి వాసరు మార్చాల" అంటాడు.

"పెద్దది ఫోను చేసిందా?"

"పడమటేపు మబ్బేసింది. బట్టలు తీసీ."

పెళ్ళయిన కొత్తలో ఈ గుణమే వాళ్ళ కాపురానికి ఒక కథ తెచ్చిపెట్టింది. ట్రాఫిక్‌లో కాస్త వయసున్న వాళ్ళందరికీ అది తెలుసు, కొత్తవాళ్ళకి తెలియాలి. జగ్గారావు పెళ్ళాన్ని సైకిలు వెనక కేరియరు మీద కూచోబెట్టుకుని గోల్‌బజారుకి బయల్దేరాడు. లైను దాటే చోట సైకిలు ఎగిరింది, మీనాకుమారి కింద పడింది. ఈయన తొక్కుతూనే ఉన్నాడు. మాట్లాడుతూనే ఉన్నాడు. ఇలిష్ చేప మీద, షాపులో ఫోర్‌మన్ మీద, వచ్చే వానల మీద, వెనక్కి తిరక్కుండా దారి పొడుగునా చెప్పుకుంటూ వెళ్ళి, చేపల దుకాణం ముందు ఆగి, "మరి రుయి తీసుకుందుమా, ఇలిష్ తీసుకుందుమా?" అన్నాడు. చేపల దాదా అటూ ఇటూ చూసి, "ఎవరితో మాట్లాడుతున్నావు దాదా, చేపతోనా?" అన్నాడు.

వెనక్కి తొక్కుకుంటూ వచ్చేసరికి మీనాకుమారి లైను పక్క టీకొట్టు బల్ల మీద కూచుని, మట్టి ముంతలో టీ తాగుతోంది. మొగుణ్ణి చూసి లేవలేదు. టీ పూర్తి చేసి, రిక్షా పిలిచి, ఎక్కి, ఇంటికి వెళ్ళిపోయింది. ఆనాటి నుంచి జగ్గారావు నడిపే ఏ బండీ ఎక్కలేదు. స్కూటర్ కొన్నాడు, ఎక్కలేదు. అతను అది అమ్మేసినప్పుడు "మంచిపని చేసినావు" అంది. బజారుకి నడిచి వెళ్ళేది, మోకాళ్ళు మొరాయించాక టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కేది. ఇప్పుడు టోటో కుదుపులకి కూడా ఆ మోకాళ్ళు సంతోషించడం లేదు.

ఇంక కారు సంగతి. అది విల్‌ఫ్రెడ్‌ది. విల్‌ఫ్రెడ్ అంటే వెనక వీధిలో ఉండే ఆంగ్లో ఇండియన్ మెయిలు రైలు డ్రైవరు, రిటైరయ్యాక బండేల్‌లో అక్క దగ్గరికి వెళ్ళిపోతూ తన పాత అంబాసిడర్‌ని నలుగురి చేత తోయించుకొచ్చి జగ్గారావు వాకిట్లో వదిలాడు. "జగ్గూ, ఇంజన్ మర్ గయా. బాడీ ఠీక్ హై" అన్నాడు. అప్పట్నుంచి అది టార్పాలిన్ కప్పుకుని అక్కడే ఉంది. పక్కింటావిడ సూసన్న కోడి వెనక సీటు తన పేర రాయించుకుంది. ఏటా అక్కడే పొదిగేది.

రిటైర్‌మెంటు దగ్గర పడిన ఏడాది, ఒక ఆదివారం జగ్గారావు టార్పాలిన్ లాగేశాడు. కోడిని ఎత్తి గోడ మీద పెట్టాడు. గోడ అవతల నుంచి సూసన్న లేచింది.

"ఏటన్నయ్యా ఇది? గుడ్ల మీదున్నదాన్ని ఇల్లు కాళీ సేయిస్తావా? రైల్వేవోలైనా ముందు నోటీసిస్తారు!"

"బోనెట్టు పడుతుంది" అన్నాడు జగ్గారావు, ఎప్పట్లాగే. "నీ గుడ్లు అవతల పెట్టీ."

మూడు ఇనప గొట్టాలు నిలబెట్టి, పైన కలిపి కట్టి, గొలుసు కప్పీ వేలాడదీసి, ఇంజిన్ని పైకి లాగాడు. వీధిలో వాళ్ళంతా ఎవరికి వాళ్ళు పని ఉన్నట్టు అటు నుంచి నడిచి చూసి పోయారు. విప్పి చూస్తే లోపల బొగ్గు, మడ్డి, అరిగిపోయిన ముక్కలు. గోడలు అరిగిన నాలుగు సిలిండర్లనీ లోపల కోయించి నునుపు చేయించాడు, వాటికి కొలత సరిపోయే కొత్త పిస్టన్లు తెప్పించాడు. ముక్క ముక్కకీ సుద్దతో అంకె వేసి, షాపులో చేసినట్టే వరసలో పేర్చాడు. మీనాకుమారి మెత్తటి నూలు చీరలన్నీ తుడుపు గుడ్డలైపోయాయి. పడకగది మంచం కింద ఇంజిను, మంచం మీద వీళ్ళు. రాను రాను ఎవరు ఎవరింట్లో ఉంటున్నారో తెలియకుండా పోయింది.

ఒకరోజు ఆవిడ గుడి నుంచి వచ్చేసరికి ఇడ్లీ పాత్ర పొయ్యి మీద ఆవిరి కక్కుతోంది. మొగుడు తన కోసం ఇడ్లీ వేశాడనుకుని, నవ్వుకుంటూ మూత తీసింది. నీళ్ళలో నాలుగు పిస్టన్లు కూచుని ఉన్నాయి.

"మావా! ఏటిది?"

"ఏడెక్కితే కన్నం కొద్దిగా సాగుతాది. పిన్ను సేత్తో తోస్తే దిగిపోద్ది. సుత్తి పెట్టి బాదకూడదు."

"నా ఇడ్లీ పాత్రే దొరికిందా నీకు?"

"అదీ అల్యూమినియమే, ఇదీ అల్యూమినియమే. సుట్టాలు" అన్నాడు జగ్గారావు, గుడ్డతో ఒక పిస్టన్‌ని పసిపిల్లాడిని తీసినట్టు తీస్తూ.

పాలు అప్పు అడగడానికి వచ్చిన సూసన్న ఇది చూసింది. మధ్యాహ్నానికల్లా ఆ మాట వీధి చివర వరకూ వెళ్ళింది. ఉడికింది అదీ. ఇప్పుడు నట్టు దగ్గరికి వద్దాం.

మీనాకుమారికి ఇడ్లీ పాత్ర బాధ కాదు. ఆవిడ బాధ వేరే ఉంది. రిటైరైతే రైల్వే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఆ తర్వాత ఎక్కడ? కొందరు సుభాష్‌పల్లిలోనో ఇంకోచోటో ఇల్లు చూసుకుని ఇక్కడే ఉండిపోతారు. కొందరు సామాను కట్టుకుని సిక్కోలు వైపు వెళ్ళిపోతారు. జగ్గారావు ఏదీ చెప్పడు. చెప్పని మనిషి, రిటైరయ్యే ఏడాదే, ఉన్నట్టుండి కారుకి ప్రాణం పొయ్యడం మొదలెట్టాడు. పల్లెలో ఉన్న అతని అన్నయ్య వారం వారం ఫోను చేస్తున్నాడు. మేడ మీద గది కడుతున్నాడట. ఇది చాలదన్నట్టు పాత ఇనుము దుకాణం నుంచి జగ్గారావు కారు పైన బిగించే సామాన్ల కేరియరు ఒకటి మోసుకొచ్చాడు.

సూసన్నకి అంతకన్నా ఏం కావాలి? గోడ మీద మోచేతులానించి, "వొదినా, నాకొక్క మాటైనా సెప్పనేదు. మంచాలు పైన కట్టీసుకుని టెక్కలి ఎల్లిపోతన్నారంట కదా" అంది.

"ఎవలన్నారు?"

"ఎవలనాల? ఒక పక్కన అన్నగారు గది, ఇంకో పక్కన కారు, పైన కేరియరు. నాను సదువుకోనేదు గానీ కూడిక వొచ్చు."

మీనాకుమారికీ కూడిక వచ్చు. అందుకే అన్నం సయించడం మానేసింది. ఆవిడ ఇక్కడే రైల్వే ఆసుపత్రిలో పుట్టింది. చేపల దాదాతో బెంగాలీలో బేరమాడుతుంది, పాలవాడిని హిందీలో తిడుతుంది, పూలమ్మే ఒడియా ముసలమ్మతో ఆవిడ భాషలోనే కష్టం సుఖం మాట్లాడుతుంది. మాతాపూజ వచ్చిందంటే ఘటం ఎవరి తర్వాత ఎవరు ఎత్తాలో ఆవిడని అడక్కుండా ఎవరూ కదలరు. మొగుడి వాళ్ళ పల్లెకి పెళ్ళికి వెళ్ళినప్పుడు మాత్రం, ఆవిడ నోరు విప్పితే తోడికోడళ్ళు మూతికి కొంగడ్డం పెట్టుకునేవారు. "మన మీనా తెలుగులో తాళింపు ఎక్కువే" అనేవారు. నాలుగు రోజులకి నవ్వి ఊరుకోవచ్చు. మిగిలిన బతుకంతా అక్కడ ఎవరితో మాట్లాడుతుంది?

మరి అడిగేస్తే పోయేది కదా అంటే, అదే చిక్కు. జగ్గారావు సూటిగా ఒక మాట అనడం అరుదు, అన్నాడంటే సిగ్నలు పడ్డట్టే, బండి ఇక ఆగదు. అడగనంత కాలం ఆ మాట పుట్టనట్టే. అడిగి, "అవును" అనిపించుకుని, తన చేత్తో తనే సిగ్నలు దింపుకోవడం ఎందుకని నోరు కట్టేసుకుంది. ట్రాఫిక్ మొత్తంలో ఎవరింట్లో ఏం కూరో అడిగి తెలుసుకునే మనిషి, సొంత మొగుణ్ణి ఒక్క ముక్క అడగలేక లోలోపల ఉడికిపోయింది.

ఇంజిను మళ్ళీ కారులోకి దిగింది. పైన మూత బిగించడం ఒక్కటే మిగిలింది. మూత కింద బిగించే నట్లన్నీ కిరసనాయిలుతో కడిగి, ఇడ్లీ రేకులో గుంటకొకటి పెట్టుకున్నాడు జగ్గారావు. ఆ మాటకొస్తే ఆ రేకు మీద ఇడ్లీ పడి చాలా కాలమైంది. మీనాకుమారి టీ తెచ్చింది. అప్పుడే ఫోను మోగింది. అతను చెయ్యి తుడుచుకుని లోపలికి వెళ్ళాడు.

"ఆ, అన్నయ్యా... స్లాబేసినారా? బాగుంది బాగుంది... ఆ, వొత్తాం. తప్పకుండా వొత్తాం. దసరాకి ముందే."

వస్తాం. ముందే.

మీనాకుమారి ఏమీ ఆలోచించలేదు. చెయ్యి ముందుకెళ్ళింది, ఒక గుంటలోంచి ఒక నట్టు తీసింది, కొంగున ముడేసుకుంది, వంటింట్లోకి వెళ్ళి పోపుల డబ్బా తెరిచి మెంతుల్లో నొక్కేసింది. పైన నాలుగు మెంతులు చల్లింది. ఇంజిను ఆగిపోవాలని కాదు, ఆ ఇంట్లో నట్లకి కరువా, డబ్బాడున్నాయి. ఒక పూట వెతుక్కుంటాడు, ఇంకో పూట గొణుక్కుంటాడు, ఆ రెండు పూటలూ ఖరగ్‌పూర్‌లో ఎక్కువ ఉన్నట్టే కదా అనుకుంది.

అనుకున్నది ఒకటి, అయినది ఒకటి. జగ్గారావు వచ్చాడు, ఇడ్లీ రేకు చూశాడు, ఖాళీ గుంట చూశాడు. ముఖం మారిపోయింది.

మొదట వాకిలంతా చీపురుతో ఊడ్చి, ఆ మట్టిని ఆవిడ పిండి జల్లెడతో జల్లించాడు. తర్వాత గోడ మీద కూచున్న కోడి వైపు చాలాసేపు చూశాడు. లోపలికి వెళ్ళి తాడుకి కట్టిన అయస్కాంతం తెచ్చాడు.

"అన్నయ్యా, నా కోడినేటి సేస్తన్నావు?"

"కదలనీకు. గట్టిగా పట్టుకో."

అయస్కాంతం కోడి పొట్ట మీద అటూ ఇటూ తిరిగింది. ఎక్కడా అంటుకోలేదు. కోడి మాత్రం జన్మలో ఎప్పుడూ ఎరగనంత అవమానంతో అరిచింది.

"ఇల్లు కాళీ సేయించినావు, ఇప్పుడు దొంగతనం కట్టినావు. దీనికి యూనియన్ లేదనే కదా!" అంది సూసన్న.

ఇంకో నట్టు తెచ్చి బిగించుకుంటాడని మీనాకుమారి చూస్తూ ఉంది. జగ్గారావు నిచ్చెన కింద నుంచి ఆ మూడు ఇనప గొట్టాలూ లాగాడు. మళ్ళీ నిలబెట్టడం మొదలెట్టాడు.

"అదేటి? మళ్ళీ పైకి లాగుతావా?" అంది.

"గొలుసుకి నూనె పెట్టాల" అన్నాడు.

గోడ అవతల నుంచి చెప్పింది సూసన్న. ఆవిడ మొగుడూ ఆ షాపులోనే చేస్తాడు. "ఎర్రి వొదినా, షాపులో అంతే. విప్పిన నట్లు లెక్కకి రాకపోతే ఇంజిను ముయ్యరు. కొత్త నట్టుకేటి, ఎన్నయినా దొరుకుతాయి. పోయింది ఎక్కడుందో తెలియాల. పైమూత తెరిసున్నప్పుడు పోయింది కదా, లోపలికే జారిపోయుంటే? తిరిగే ఇంజిన్లో ఇనప ముక్క! అందుకని అడుగు వరకూ విప్పి సూసుకోవలసిందే. మా ఇంట్లో అయితే సోఫా పోయినా మా ఆయన ఎతకడు, అది వేరే సంగతి."

మీనాకుమారి లెక్క తప్పింది. రెండు పూటల కోసం తీసిన నట్టు, మనిషి ఏడాది కష్టాన్ని మళ్ళీ మొదటికి తెస్తోంది. పోనీ, ఇంకో ఏడాది పడితే నాకే మంచిది కదా అని ఒక్క క్షణం అనుకుంది కూడా. నిజం చెప్పుకోవాలి. కానీ అటు చూస్తే జగ్గారావు గొలుసు పట్టుకుని లాగడం లేదు. బోనెట్టు మీద చేతులానించి నిలబడ్డాడు. ఎవరూ ఏమీ అడగలేదు. ఇంజినుతో చెబుతున్నట్టు చెప్పుకుంటున్నాడు.

"ఇన్నేళ్ళలో నా సేతి కింద నట్టు పోనేదు. వాసరు పోనేదు. ఎక్కడెట్టినానో గుర్తు నేదంటే... ఆల్లు వయసు సూసి ఊరికే రిటైర్ సెయ్యరు. అయిపోనాది మన పని."

ఖాళీ గుంట ఉన్న ఇడ్లీ రేకు పక్కకి పెట్టాడు. టీ చల్లారి మీగడ కట్టింది, ముట్టలేదు.

మీనాకుమారి వంటింట్లోకి వెళ్ళింది. ఆ పూట పప్పుకి పోపు కూడా పెట్టలేదు, ఆ డబ్బా తెరవడానికి ధైర్యం చాలక. ఇప్పుడు డబ్బాకి డబ్బా పట్టుకుని బయటికొచ్చి, కారు మడ్‌గార్డు మీద ఠంగుమని పెట్టి, మూత తీసింది.

"మెంతుల్లో సూడు" అంది.

జగ్గారావు ఆవిడ ముఖం చూశాడు. డబ్బా చూశాడు. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, ఎండు మిరపకాయలు. మెంతుల్లో వేలు పెట్టాడు. నట్టు వేలికి తగిలింది. తీసి వెలుగులో తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. గోడ అవతల సూసన్న కోడిని చంకన పెట్టుకుని, మెడ సాచి చూస్తోంది.

"నీ బుర్ర బాగానే ఉంది. నీ సెయ్యీ బాగానే ఉంది" అంది మీనాకుమారి. ఇంకా గట్టిగా అంది. "నానే తీసినాను. నువ్వు తిట్టుకో, నీ ఇష్టం. అయితే ఈయాల నానొకటి అడుగుతాను, దానికే జవాబు సెప్పాల. వాసరు అనకూడదు, మబ్బేసింది అనకూడదు. ఈ కారు ఎందుకు బాగుసేస్తన్నావు? నన్నూ సామాన్నీ ఏసుకుని టెక్కలి ఎల్లిపోడానికేనా? నాను ఇక్కడ పుట్టినాను మావా. నాకు ఈ ఊరే వొచ్చు. సెప్పీ, ఎల్లిపోతామా?"

జగ్గారావు తుడుపు గుడ్డ తీశాడు. నట్టుకి అంటుకున్న మెంతుల పొడి తుడిచాడు. వంగి, ఇంజిన్లో దాని చోట దాన్ని పెట్టి, వేళ్ళతో తిప్పి, పానాతో బిగించాడు. సూసన్నకి ఒక యుగమైనట్టుంది, "అన్నయ్యా, సెప్పీ మరి!" అంది.

"టెక్కలికా?" అన్నాడు జగ్గారావు, పానా కింద పెట్టి. "టెక్కలికి పాసుంది కదే. రిటైరైనా పాసిస్తారు. సేతిలో ఫ్రీ పాసెట్టుకుని, పెట్రోలు పోసుకుని ఊరికెల్తాడేటి రైలోడు? నలుగురూ నవ్వరా? అన్నయ్య గది కట్టింది ఆడి కొడుకు పెళ్ళికి. దసరా ముందు పెళ్ళి. ఎల్తాం, రైల్లో ఎల్తాం, రైల్లో వొచ్చేస్తాం." గోడ వైపు తిరిగాడు. "ట్రాఫిక్ అంతా రైలోల్లే. ఒక్కలకీ పాసు గుర్తు రానేదేటి?"

సూసన్న ఓడిపోవడం ఇష్టం లేక, "మరి పైన కేరియరెందుకన్నయ్యా?" అంది.

"నీ కోడికి. సీటు లాక్కున్నాను కదా."

మీనాకుమారికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "సరే, టెక్కలికి కాదు. మరి దేనికి? అది సెప్పు. సూటిగా సెప్పు" అంది.

జగ్గారావు వెళ్ళి ముందు తలుపు పట్టుకున్నాడు. తీశాడు, వేశాడు, అది గట్టిగా పడిందో లేదో లాగి చూశాడు.

"సుభాష్‌పల్లిలో ఒక ఇల్లు సూసినాను. నీకు నచ్చితే తీసుకుందుము. ఆడనుంచి గోల్‌బజారు నువ్వు ఈ మోకాళ్ళతో నడవనేవు, టోటో నీకు పడదు, నా ఎనక నువ్వు కూకోవు" అన్నాడు. "దీనికి తలుపులున్నాయే. మజ్జి దారిలో పడిపోవు."